నాలుగా, ఎనిమిదా, పదహారా

ఆగస్టు 3, ఆదివారం

ఆరాధన అయ్యాక సూరమ్మగారు మెడ చూపించారు. గడ్డ ఈ మధ్య బాగా పెరిగింది. పందొమ్మిదిన రాజమండ్రిలో ఆపరేషన్. ప్రాణానికి భయం లేదట. గొంతు మాత్రం మారొచ్చని, పైస్థాయి పలక్కపోవచ్చని డాక్టరు చెప్పాడట.

మా తణుకు చర్చిలో గొంతు అంటే ఆవిడదే. ఆవిడ తల్లి బైబిలు స్త్రీ, అంటే ఇంటింటికీ వెళ్లి వాక్యం చెప్పే మనిషి. కాలవ గట్ల వెంట ఊరూరా తిరిగి పాడిన పాటలన్నీ కూతురికి నేర్పి పోయింది. పడవెక్కేటప్పుడు ఒకటి, వరి ఊడుపుల్లో ఒకటి, పిల్లకు జ్వరం వస్తే ఒకటి. కీర్తనల పుస్తకంలో ఇవేవీ లేవు. సూరమ్మగారికి తప్ప ఇంకెవరికీ రావు.

అందరి ముందూ లేచి నిలబడి చెప్పేశాను. "ఆపరేషన్ లోపే ఈ పాటలన్నీ నా కంప్యూటర్లో రికార్డు చేస్తాను." అందరూ ఆమేన్ అన్నారు.

ఇంటికొచ్చి కంప్యూటరు వేసి, పరీక్షగా నేనే ఒక కీర్తన పాడాను. రెండో చరణంలో బిగుసుకుపోయింది. మా ఆవిడ ప్రిస్కిల్లా అది నా పాట వల్ల అంటుంది. కాదు. కంప్యూటరు పాతది, మెమరీ రెండు జీబీ. పెంచాలి. ఎంతకు?

"నా ఫోన్లో చేసేద్దామండి" అంది.

"ఫోను రికార్డింగు ఒక రికార్డింగేనా?"

"సరేనండి. హాల్లోకి ఫ్యాను కొనడానికి వేసవంతా ఆలోచించారు. వానలు పడ్డాక కొన్నారు. అదే చెప్తున్నాను."

పదిహేడేళ్ల కాపురంలో నా భార్య అన్న మాటల్లో ఇది గట్టిగానే తగిలింది. నిజమే, నలుగురిని అడగనిదే నేను చెప్పులు కూడా కొనను. ఆ అలవాటు ఇవాల్టితో సరి. తీర్మానం:

1. ఎవరినీ అడగను.
2. మంగళవారం సాయంత్రం లోపల తేల్చేస్తాను.
3. తేల్చాక మార్చను.

ఇట్లు, కె. జయపాల్, సీనియర్ అసిస్టెంటు, ఇరిగేషన్ ఆఫీసు. డైరీకి హోదా అక్కర్లేదు గాని, రాస్తే బరువుగా ఉంది.

ఆగస్టు 4, సోమవారం

తేలిపోయింది. నాలుగు జీబీ.

గడువుకు ఒకరోజు ముందే. స్నానం చేస్తుండగా తేలింది. ఉన్నది రెండు, దానికి రెట్టింపు నాలుగు. ఇంత చిన్న సంగతికి జనం ఎందుకు బుర్రలు పాడు చేసుకుంటారో. ఉప్మా కూడా ఇవాళ రుచిగా ఉంది.

ఆఫీసులో పక్క సీటు వెంకటరాజు గారు, "ఏంటండీ, మొహం వెలిగిపోతోంది?" అన్నారు. చెప్పాను. చెప్పడం వేరు, అడగడం వేరు.

రాజుగారు ఫైలు మూశారు. కళ్లజోడు తీశారు. "నాలుగా?" అన్నారు.

అంతే. టీకి వెళ్లిపోయారు.

సాయంత్రం. ఆ "నాలుగా"లో అంత దీర్ఘం ఎందుకు తీసినట్టు? తక్కువనా? ఎక్కువనా? రేపు ఆయనే ఏమైనా అంటే వింటాను. వినడం కూడా అడగడం కాదు.

ఆగస్టు 5, మంగళవారం

ఎనిమిది.

ఇది మార్చడం కాదు, పెంచడం. మూడో నియమంలో మార్చనన్నాను గాని పెంచనని అనలేదు.

రాజుగారు సెలవు పెట్టారు. అందుకని ఇంటర్నెట్లో వీడియోలు చూశాను. చూస్తున్నట్టు వాళ్లకు తెలియదు కాబట్టి అది అడిగినట్టు కాదు. ఒకాయన నాలుగు చాలన్నాడు. ఒకాయన ఎనిమిదికి తక్కువైతే కంప్యూటరు ముట్టుకోవద్దన్నాడు. ఇంకొకాయన హిందీలో చాలా కోపంగా మాట్లాడాడు. నాకు హిందీ రాదు గాని "సోలా, సోలా" అని వినపడింది. పదహారు. మంచివన్నీ ఫోన్లోకి దించుకున్నాను, మళ్లీ చూసుకోవడానికి.

సాయంత్రం సూరమ్మగారు ఇస్త్రీ చీర కట్టుకుని పాడడానికి వచ్చారు. గురువారం రమ్మన్నాను. "అలాగే బాబూ" అని వంటింట్లోకి వెళ్లి ప్రిస్కిల్లా పక్కన కూచున్నారు. బీరకాయలు తరుగుతూ ఏదో పాట ఎత్తుకున్నారు. వీడియో సరిగ్గా వినపడక తలుపు వేసుకున్నాను.

ఆగస్టు 7, గురువారం

ఉదయం ఫిన్నీ ఫోన్ చేశాడు. ప్రిస్కిల్లా తమ్ముడు, రాజమండ్రిలో ఉంటాడు. వాడే చేశాడు కాబట్టి నియమం చెడలేదు. నిన్న నేను మిస్డ్ కాల్ ఇచ్చిన మాట వాస్తవమే. మిస్డ్ కాల్‌లో ప్రశ్న ఏముంటుంది?

"బావగారూ, ఆ డబ్బా అమ్మేసి కొత్తది కొనుక్కోండి."

"మెమరీ సంగతి అనుకుంటున్నాను లేవయ్యా. ఎనిమిదా, పదహారా అని."

"నన్ను అడుగుతున్నారా?"

"అడగట్లేదు. అనుకుంటున్నాను."

"అసలు మీ మదర్‌బోర్డు ఏంటో చూశారా?"

చూడలేదు. మూత విప్పాను. దుమ్ము, బల్లి గుడ్లు, ఎప్పుడో పోయిన చొక్కా గుండీ. మెమరీ పెట్టే స్లాట్లు రెండు, ఒకటి ఖాళీ. దాంతో కొత్త చిక్కు వచ్చి పడింది. ఎనిమిది ఒకే ముక్కగా పెట్టాలా, నాలుగు నాలుగుగా రెండు ముక్కలు పెట్టాలా?

ప్రిస్కిల్లా చీపురు పట్టుకుని వచ్చింది. "రెండు నాలుగులు ఎనిమిదే కదండీ. రెండూ పెట్టేస్తే పోలా?"

"అంత తేలిక కాదిది" అన్నాను.

సూరమ్మగారు వచ్చారు. శనివారం రమ్మన్నాను. వంటింట్లో గ్రైండరు తిరుగుతోంది, దాన్ని దాటుకుని పాట వినపడుతోంది. "తెడ్డు నాది, తెప్ప నీది, తేల్చవయ్యా తండ్రీ" అని. నాకు తేలడం లేదు. తలుపుకు గడియ కూడా పెట్టాను.

ఆగస్టు 9, శనివారం

రెండో శనివారం, సెలవు. అచ్చిబాబు గారి కంప్యూటర్ షాపుకు వెళ్లాను. దారిలోనే అనుకున్నాను. అడగకూడదు, ఆర్డరివ్వాలి.

"ఎనిమిది ఇవ్వండి."

"ఏ రకం అండి?"

"మంచి రకం."

అచ్చిబాబు గారు అద్దాల బల్ల మీద రెండు పెట్టారు. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. రెండూ ఎనిమిదే. తేడా ఏంటని అడగబోయి ఆపుకున్నాను. సొంతంగా ఆలోచించాను. డబ్బాలో ఇరుకు. పొట్టిదైతే గాలి ఆడుతుంది.

"పొట్టిది."

"ల్యాప్‌టాప్‌కేనాండి?"

"మా దానికి" అన్నాను హుందాగా.

ఇంటికొచ్చి పెట్టబోతే స్లాటులో సగం దూరమే వచ్చింది. ఈ చివర పెట్టాను, ఆ చివర పెట్టాను, మధ్యలో పెట్టాను. ప్రిస్కిల్లా వంగి చూసి, "మిగతా సగం తర్వాత ఇస్తారాండి?" అంది. ఆవిడ మొహంలో నవ్వు లేదు. అదే బాధ.

సూరమ్మగారికి మంగళవారం అని చెప్పాను.

ఆగస్టు 10, ఆదివారం

పాస్టరు గారు ప్రకటనల్లో, "సహోదరుడు జయపాల్ గారి రికార్డింగు పని గురించి ప్రార్థించండి" అన్నారు. తర్వాత వసారాలో అందరూ నా చుట్టూ చేరారు. నేనేమీ అడగలేదు. భారం పంచుకున్నాను. సహవాసం అంటే అదే కదా.

ఎనిమిది వాళ్లు ఒక పక్క, పదహారు వాళ్లు ఒక పక్క అయ్యారు. సండే స్కూలు చెప్పే జీవరాజు గారు మధ్యలోకి వచ్చి, "పన్నెండు పెట్టండి. ఇశ్రాయేలు గోత్రాలు పన్నెండు, ప్రభువు శిష్యులు పన్నెండు మంది. ఎవరూ కాదనరు" అన్నారు. స్త్రీల సమాజం వైపు నుంచి ఏడు అని వినపడింది. ఏడు సంపూర్ణ సంఖ్యట. ఏడు జీబీది దొరకదేమో అంటే నా విశ్వాసం తక్కువన్నారు. చివరకు చేతులెత్తించారు. పన్నెండు గెలిచింది.

సూరమ్మగారు చెయ్యెత్తలేదు. "ఏదో ఒకటి పెట్టు బాబూ. పందొమ్మిది దగ్గరకొస్తోంది" అన్నారు.

ఆవిడ అలా అన్నాక ఇంటికి నడుస్తూనే తేల్చేశాను. పన్నెండు కాదు. ఎనిమిదే. పొడుగుది.

ఆగస్టు 12, మంగళవారం

అచ్చిబాబు గారు పొట్టిది తీసుకుని పొడుగుది ఇచ్చారు. ఈసారి నేను మాట్లాడక ముందే, "ల్యాప్‌టాప్‌కి కాదు, సిస్టమ్‌కి అని చెప్పాలండి" అన్నారు.

పాతది తీసి కొత్తది పెట్టాను. టక్కున కూచుంది. ఆ చప్పుడు వినగానే ప్రాణం లేచొచ్చింది. మైకు తగిలించాను. సూరమ్మగారిని హాల్లో కుర్చీ వేసి కూచోబెట్టాను. ఫ్యాను కట్టేశాను. స్విచ్చి వేశాను.

బీప్. బీప్. బీప్.

తెర మీద ఏమీ లేదు. బీప్ మాత్రం ఆగడం లేదు. సూరమ్మగారు తల ఒక పక్కకు వంచి విన్నారు. "శ్రుతి బాగుంది బాబూ" అన్నారు. అని, ఆ బీప్ పట్టుకుని ఊడుపుల పాట మొదలు పెట్టారు.

ఆపమని ఎలా చెప్పను? కళ్లు మూసుకున్నారు. మొత్తం పాడారు. బీప్ ఒక్కచోట కూడా తప్పలేదు, ఆవిడా తప్పలేదు. ప్రిస్కిల్లా గుమ్మంలో నిలబడి పెదాలు కదిపింది. అంత బాగా పాడడం నేను ఎప్పుడూ వినలేదు.

"పడిందా బాబూ?"

"లేదండి" అన్నాను.

అచ్చిబాబు గారికి ఫోన్ చేశాను. "మీ బోర్డుకి ఒక్కో స్లాటులో నాలుగుకి మించి పట్టదండి. రెండు నాలుగులు పెట్టాలి."

ప్రిస్కిల్లా వింది. గిన్నెలు కొంచెం గట్టిగా సర్దింది.

ఆగస్టు 14, గురువారం

రెండు నాలుగులు పెట్టాను. తెర వెలిగింది. కళ్లు చెమ్మగిల్లాయి.

సెట్టింగుల్లోకి వెళ్లి చూస్తే: పెట్టింది ఎనిమిది, వాడుకోగలిగింది మూడుంపావు.

మిగతా నాలుగుముప్పావు ఏమైంది? డబ్బా పట్టుకుని షాపుకు వెళ్లాను. కోపంగానే వెళ్లాను. అచ్చిబాబు గారు చూసి, "సరుకు మంచిదేనండి. మీ విండోసే పాత రకం. నాలుగు దాటితే దాని కంటికి ఆనదండి" అన్నారు.

"అంటే, దీనికి నాలుగు పెట్టినా ఇంతేనా?"

"ఇంతేనండి."

"మరి నాలుగుతో పాట రికార్డు అయ్యేదా?"

"పాటేంటండీ, పెళ్లంతా అయ్యేది."

అంటే పోయిన వారం సోమవారం స్నానాల గదిలో నేను తేల్చిన నాలుగు. ఎవరినీ అడక్కుండా తేల్చిన నాలుగు.

బెంచీ మీద కాసేపు కూచున్నాను. అచ్చిబాబు గారు మంచినీళ్లు ఇచ్చారు.

అప్పుడే లేచి డబ్బా ఇంటికి తెచ్చి ఆ మూడుంపావుతో రికార్డు చేసి ఉండాల్సింది. ఆ సంగతి ఇప్పుడు, ఇది రాస్తుండగా తోచింది. అక్కడ మాత్రం, "ఎనిమిది కొన్నాం కదండీ, ఎనిమిదీ పని చెయ్యాలి. కొత్త విండోస్ వేసేయండి" అన్నాను. మధ్యలో సెలవులు వచ్చాయి కాబట్టి పద్దెనిమిది సాయంత్రం ఇస్తానన్నారు.

పద్దెనిమిది ఉదయమే మేము సూరమ్మగారిని తీసుకుని రాజమండ్రి బయల్దేరాలి.

ఆగస్టు 15, శుక్రవారం

జెండా వందనం. పిప్పరమెంటు బిళ్లలు పంచాను. మనసు అక్కడ లేదు.

ఇంటికొచ్చి, "పోనీ ఫోన్లోనే చేద్దాం" అన్నాను. ప్రిస్కిల్లా తన ఫోను మొన్న వానకు తడిసి బియ్యం డబ్బాలో ఉందంది. నా ఫోను తీశాను. చోటు లేదట. మెమరీ వీడియోలతో నిండిపోయింది. కొన్ని తీసేస్తే సరి.

ఎనిమిది వాళ్లవి తీసెయ్యాలా, పదహారు వాళ్లవి తీసెయ్యాలా?

సాయంత్రం. హిందీ ఆయన్ని మాత్రం ఉంచాను. పాపం, చాలా కష్టపడి చెప్పాడు.

ఆగస్టు 17, ఆదివారం

ఫోనులో చోటు చేశాను. ఆరాధన అయ్యాక సూరమ్మగారిని ఇంటికి తీసుకొచ్చాను. ఫోను స్టూలు మీద పెట్టి, దాని కింద బైబిలు పెట్టి ఎత్తు సరిచేశాను.

ఆవిడ నోరు తెరిచారు. గాలి వచ్చింది, పాట రాలేదు. బొంగురు.

"పొద్దున్నుంచీ ఇలాగే ఉంది బాబూ. ఆసుపత్రి నుంచి ఫోన్ చేసినావిడకి చెప్పాను. ఇంక ఆపరేషన్ అయ్యేదాకా పాడకూడదన్నారు."

రెండు వారాలు ఆవిడ మా గుమ్మం ఎక్కి దిగారు. ఆ గొంతు ఇంక ఉంటుందో ఉండదో. నేను చేసిందల్లా తలుపు వేసుకోవడం.

"నన్ను క్షమించండి" అన్నాను.

"ఊరుకో బాబూ. మీ ఇంట్లో బీరకాయ కూర బాగుంటుంది. ఉత్తపుణ్యానికి రాలేదులే నేను" అన్నారు.

ఇవాళ డైరీలో ఇంకేమీ రాయాలని లేదు.

ఆగస్టు 19, మంగళవారం, రాజమండ్రి

ఉదయం లోపలికి తీసుకెళ్లారు. సూరమ్మగారికి తునిలో ఒక తమ్ముడి కొడుకు తప్ప అయినవాళ్లు లేరు. అతనికి సెలవు దొరకలేదు. నేనూ ప్రిస్కిల్లా బయట బల్ల మీద కూచున్నాం. ఫిన్నీ ఇడ్లీలు తెచ్చాడు. ఎవరికీ దిగలేదు.

నిన్న సాయంత్రానికి ఇస్తానన్న అచ్చిబాబు గారి ఫోను. "విండోస్ ఏడు వెయ్యమంటారా, పది వెయ్యమంటారాండి?"

నాకు చెమట పట్టింది. అదే సమయానికి డాక్టరు గారు తలుపు తీసుకుని బయటికి వచ్చారు. ఏం జరిగిందో నాకే తెలియదు, ఎదురెళ్లి, "ఏడా, పదా అండి?" అన్నాను.

"అన్ని రోజులు ఎందుకండీ? నాలుగు రోజుల్లో పంపించేస్తాం. బాగా జరిగింది" అన్నారాయన.

ప్రిస్కిల్లా నా చేతిలోంచి ఫోను లాక్కుంది. "పది వేసేయండి అచ్చిబాబు గారూ" అని పెట్టేసింది. క్షణం కూడా పట్టలేదు.

తర్వాత బల్ల మీద కూచుని, కళ్లు తుడుచుకుంటూ సన్నగా పాడడం మొదలు పెట్టింది. తెడ్డు నాది, తెప్ప నీది. మొదటి చరణం, రెండు, మూడు. ఆ పాటకు అన్ని చరణాలున్నాయని నాకు తెలియదు.

"ఇది నీకెలా వచ్చు?"

"రెండు వారాలు వంటింట్లో ఏం చేశామనుకున్నారు?"

"బీరకాయలు తరిగారు."

"తరుగుతూ నేర్చుకున్నాను. మీ కంప్యూటరు సంగతి నాకు తెలియదాండి? సూరమ్మ పిన్నిగారే అన్నారు, 'ఆయన తేల్చేలోపు నువ్వు పట్టుకో అమ్మాయ్' అని. చాలా వచ్చేశాయి. రెండు మూడు ఇంకా నోటికి రాలేదు."

నాకు కోపం రావాలో సంతోషం రావాలో తెలియలేదు. ఫిన్నీని అడుగుదామనుకుని మానేశాను. సంతోషమే వచ్చింది. చల్లారిన ఇడ్లీలు రెండు తిన్నాను.

ఆగస్టు 24, ఆదివారం

సూరమ్మగారు నిన్న ఇంటికొచ్చారు. కొన్నాళ్లు మా ఇంట్లోనే ఉంటారు. మాట్లాడొద్దన్నారు కాబట్టి చేత్తో సైగలు.

ఇవాళ ప్రిస్కిల్లా చర్చిలో నిలబడి జ్వరం పాట పాడింది. వెనక బల్లల్లో ముసలివాళ్లు తమ చిన్నప్పుడు విన్నామన్నారు. ఇంటికొచ్చాక మళ్లీ పాడి వినిపించింది. మంచం మీంచి సూరమ్మగారు చెయ్యి ఊపి ఆపారు. ఆపరేషన్ తర్వాత మేము విన్న మొదటి మాట, కొంచెం జీరగా, కింది స్థాయిలో:

"రెండో చరణం తప్పు పాడుతున్నావు."

ప్రిస్కిల్లా ఏడ్చేసింది. నేను హాల్లోకి వెళ్లి కంప్యూటరు మీద దుమ్ము తుడిచాను. అచ్చిబాబు గారు తెచ్చి పెట్టి వెళ్లారు. ఎనిమిదికి ఎనిమిదీ కనపడుతోంది.

సెప్టెంబరు 7, ఆదివారం

పాడొచ్చన్నారు. గొంతు ఇదివరకంత పైకి పోవడం లేదు. పైకి పోవలసిన చోట ప్రిస్కిల్లా అందుకుంటోంది. ఇద్దరూ కలిస్తే బాగుంది.

హాల్లో మైకు ముందు కూచోబెట్టాను. సూరమ్మగారు ఇబ్బందిగా కదిలారు. "ఇక్కడ గుర్తుకు రావట్లేదు బాబూ. పొయ్యి దగ్గరైతే వస్తాయి" అన్నారు.

కంప్యూటరు ఎత్తుకుని వంటింట్లోకి నడిచాను. తెర ఒకసారి, డబ్బా ఒకసారి, తీగలు ఒకసారి. బియ్యం బస్తా మీద పెట్టేశాను. ప్రిస్కిల్లా, "ఎవరినీ అడక్కుండా తెచ్చేశారే" అంది. అప్పుడు గాని నాకు తెలియలేదు.

మొదటి పాట మొత్తం పడింది. బిగుసుకోలేదు, కూత పెట్టలేదు. మళ్లీ వేసుకుని విన్నాం. ఆఖరి చరణంలో, ఇద్దరి గొంతులూ కలిసిన చోట, కుక్కర్ విజిల్ వేసింది.

దాన్ని తీసెయ్యొచ్చు. ఉంచొచ్చు కూడా. సూరమ్మగారు ఉంచమన్నారు. ప్రిస్కిల్లా తీసెయ్యమంది. నేను అడగలేదు, వాళ్లే అన్నారు. ఇద్దరి మాటలూ లెక్కలోకి తీసుకోను. తీర్మానం:

1. ఎవరినీ అడగను.
2. బుధవారం సాయంత్రం లోపల తేల్చేస్తాను.
3. తేల్చాక మార్చను.

వెంకటరాజు గారు రేపు ఆఫీసుకు వస్తారో రారో.